గారు లేనిదే లారీ కదలదు

ఎనభై తొమ్మిదిలో ఒక ఉదయం జహంగీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి హెడ్డాఫీసు నుంచి జనరల్ మేనేజరు వస్తారు. దాచేపల్లి దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో తీగతో కలిపిన మూడు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం చూస్తారు. ఏడాదిగా టెంపరరీగా ఉన్న జహంగీర్‌ను పర్మనెంటు చేస్తారు. అవి మాట్లాడుకోకపోతే ఇంటికి పంపిస్తారు. తల్లి గుల్జార్ బేగం మాత్రం అప్పుడే వీధంతా సేమ్యా పంచేసింది.

కంప్యూటర్లకు నంబర్లున్నాయి కానీ అవి ఎవరికీ గుర్తుండి చావవు. అందుకని ఏ పేరుది ఏ నంబరో జాబితా రాసి మూడింట్లోనూ ఎక్కించాడు. దేని ముందు ఎవరు కూర్చుంటే దానికి వాళ్ల పేరే: మేనేజరు చెన్నకేశవరావు, గోడౌనులో అలీ సాహెబ్, గేటులో బసవయ్య. గేటు నుంచి మేనేజరు పేరు జాబితాలో ఉన్నది ఉన్నట్టు కొట్టి లారీ నంబరు పంపితే, ఆయన సరేనన్నాకే లారీ బయటికి పోవాలి.

తొమ్మిదింటికి బసవయ్య మొదటి లారీ నంబరు పంపాడు. అలాంటి పేరే లేదు పొమ్మంది కంప్యూటరు. జహంగీర్ వచ్చి చూస్తే మేనేజరు పేరు చివర గారు ఉంది.

"బాబాయ్, గారు ఎందుకు కొట్టావ్?"

"ఏందిరా నువ్వు మాట్లాడేది? ఆయన ముందు నేను బీడీ కూడా కాల్చను. ఉత్త పేరు ఎట్టా కొట్టేది? నాకు చెయ్యాడదు."

చేసేది లేక జహంగీర్ గేటు జాబితాలో ఆ పేరుకు గారు చేర్చాడు. ఆ సంగతి గోడౌనుకు చేరడానికి పది నిమిషాలు పట్టలేదు.

"ఇరవై ఏళ్ల సర్వీసు నాది. నాకు పెట్టవా బేటా?" అన్నాడు అలీ సాహెబ్. పెట్టాడు. అయితే తనకూ కావాలన్నాడు బసవయ్య. పెట్టాడు. అప్పుడు చెన్నకేశవరావు అలిగారు.

"అందరితోపాటు నేనూ గారేనా? ముందు శ్రీ పెట్టవయ్యా!"

అది తెలిసి బసవయ్య శ్రీ కలిపి కొట్టాడు. గేటు జాబితాలో ఇంకా శ్రీ లేదు. జహంగీర్ ఒకచోట దిద్దేలోపు ఇంకోచోట ఇంకో మర్యాద మొదలయ్యేది. లోపలివి బయటికి పోక, లోపలికి రావలసిన లారీలు పిడుగురాళ్ల వైపు మైలు పొడవున ఆగిపోయాయి. డ్రైవర్లు అమ్మనాబూతులు తిడుతున్నారు. ఉద్యోగం పోయినట్టేనని జహంగీర్‌కు ఏడుపొచ్చింది.

చివరికి గేటులో శ్రీ ఎక్కించి తలెత్తేసరికి జనరల్ మేనేజరు ఎదురుగా ఉన్నారు. లారీల వెనక కారు ఇరుక్కుపోతే నడిచి వచ్చారట. ఆయన గేటు కంప్యూటరు ముందు కూర్చుని, తన కింద పనిచేసేవాడికి శ్రీ ఎందుకు, గారు ఎందుకు అన్నట్టు, చెన్నకేశవరావు అని ఉత్త పేరు కొట్టారు. లేదంది. మళ్లీ కొట్టారు. లేదంది. జహంగీర్ కళ్లు మూసుకున్నాడు.

"నేను కొడతానండీ," అని బసవయ్య వంగి, శ్రీ, గారు రెండూ కలిపి కొట్టాడు. వెంటనే మేనేజరు జవాబు వచ్చింది.

"అంటే బయటివాడు కొడితే పోదు, మనవాడు కొడితేనే పోతుంది!" జనరల్ మేనేజరు లేచి నిలబడ్డారు. "నిరుడు దొంగ చీటీలతో ఆరు లారీలు పోయాయి. ఇంత కట్టుదిట్టం ఎవరు చేశారు?"

అందరూ జహంగీర్‌ను చూపించారు. అతను నిజం చెప్పబోతే బసవయ్య కాలు తొక్కాడు.

"ఒక్క అక్షరం మార్చొద్దు. హెడ్డాఫీసులో నలభై కంప్యూటర్లున్నాయి. వాటికీ నువ్వే పేర్లు పెట్టాలి."

సాయంత్రానికి జహంగీర్ పర్మనెంటయ్యాడు, గార్లతో సహా.