తాళి దగ్గర ఆగే పెళ్లి

తాళి కట్టే క్షణంలో పెళ్లికూతురి తల మాయమైంది.

మొదట ముఖం ఆకుపచ్చగా మారింది. తరువాత గళ్లు గళ్లుగా చీలిపోయింది. పెళ్లికొడుకు హర్ష చేతులు రెండూ తాళితో సహా గాలిలో ఉండిపోయాయి. సన్నాయి ఒక్కసారి కీచుమని ఆగింది. టీవీ ముందు కూర్చున్న కేశవ చేతిలోని మిరపకాయ బజ్జీ జారి బొరుగుల ఒగ్గాని పొట్లంలో పడింది.

ఆ ఉదయం అతడి పథకం చాలా చిన్నది. మూడున్నర గంటల పెళ్లి వీడియోను ఒకసారి చూసుకోవడం, డిస్కు పంపన్న చేతిలో పెట్టడం, ఇంటికెళ్లి పడుకోవడం. పంపన్న పెళ్లికొడుకు తండ్రి. బళ్లారి బైపాస్ రోడ్డులో ఇనుప ఖనిజం లారీల యజమాని. కేశవ స్టూడియో ఉన్న మేడ కూడా ఆయనదే. కింద ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, పైన స్టూడియో, వెనకే ఆయన ఇల్లు.

కేశవ మెట్లు దిగి పరుగెత్తాడు. "అన్నా, డిస్కు చెడిపోయింది. ఎవరికీ ఇయ్యొద్దు!"

"ఇయ్యొద్దంటే? రెండు చేసింటివి గదప్పా. ఒకటి తెల్లారే నీ బల్ల మీదినుంచి తీసి సిరుగుప్పకు పంపించేస్తి. మన లారీ పోతాండె. బీగరు ఈపాటికి చూస్తాంటారు."

బీగరు, అంటే ఆడపెళ్లివారు, చూసేశారు. అప్పుడే ఫోను మోగింది. వియ్యంకుడు శివరామకృష్ణయ్యది కాలువ కింద వరి పండించే కోస్తా వాళ్ల క్యాంపు. ఆయన మాట ఫోను చెవికి ఆనించకపోయినా వినబడుతుంది.

"బావగారూ! క్యాంపు మొత్తాన్నీ పిలిచి కూర్చోబెట్టానండీ! సరిగ్గా తాళి దగ్గర మా బిందుశ్రీ తలకాయ తీసేశారేంటండీ?"

"అది మిషన్ తప్పు బీగరూ..."

"మీవాళ్లు లారీల పక్కన నిలబడి చేతులూపింది పావుగంట ఉంది. అక్కడ మిషన్ బాగానే పనిచేసిందే! ఆదివారం పొద్దున్నే అందరం వస్తున్నాం. తాళి కనబడితే భోంచేస్తాం. కనబడకపోతే అమ్మాయిని తీసుకెళ్లిపోతాం."

ఫోను పెట్టేసి పంపన్న బల్ల గుద్దాడు. "ఇది కావాలని చేసినోడు ఎవడో ఉండాడు. వాడెవడైనా సరే, బీగర ముందర మైకు పట్టుకొని తప్పు ఒప్పుకోవాల. అంతవరకూ నేను ఇడిచేది లేదు!"

కేశవ వేట మొదలుపెట్టాడు. టేపులోంచి తాళి ఘట్టాన్ని మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. డిస్కుకెక్కే ఫైలుగా ఎగుమతికి పెట్టి, వేరే షూటింగుకు వెళ్లి వచ్చేసరికి తాళి దగ్గరే ఆగి ఉంది. మర్నాడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాడు. ఫైలు రకం మార్చాడు. కొత్త హార్డ్ డిస్కు తెచ్చాడు. భోజనానికి వెళ్లి వచ్చేసరికి మళ్లీ అక్కడే, అదే ఆకుపచ్చ ముఖం.

వార్త బైపాస్ అంతా పాకింది. పెళ్లికూతురి మేనమామే మంత్రం వేయించాడని లారీ డ్రైవర్లు తేల్చేశారు. పంపన్న భార్య సిద్ధమ్మ వచ్చి మానిటరుకు దిష్టి తీసి, గుమ్మడికాయ మెట్ల మీదే పగలగొట్టింది. కేశవ దాని మీద కాలు వేసి కింది మెట్టు దాకా జారాడు.

"ఈసారి ఎవరూ దాన్ని ముట్టేది లేదు," అన్నాడు కేశవ, నడుము పట్టుకుని. ఆ మాట గోడ మీద ఎప్పటినుంచో రాసి ఉంది. సీపీయూ పక్క మూత తీసి లోపల చూశాడు. ఇనుప గనుల దోణిమలై కొండ సగం అందులోనే ఉన్నట్టు ఎర్రటి దుమ్ము. శుభ్రంగా ఊది, గాలి ఆడుతుందని మూత అలాగే వదిలేశాడు.

పంపన్న ఆ తెరిచిన డబ్బాను చూసి విలవిల్లాడాడు. ఆయన ఇంట్లో సోఫా మీద ప్లాస్టిక్ కవరు, రిమోటు మీద ప్లాస్టిక్ కవరు. కోడలు తెచ్చిన ఫ్రిజ్ ఇంకా గోనెపట్టాలోంచి బయటికే రాలేదు.

ఆదివారం తెల్లవారుజామున చివరి ప్రయత్నం మొదలైంది. పంపన్న కేశవను బయటికి తోసి గదికి తాళం వేశాడు.

"నన్నెందుకన్నా?"

"నాకిప్పుడు నీ మీద గూడా అనుమానమే. మెట్ల మీద కూచో. లోపల నేను చూసుకొనే వచ్చినా."

చెప్పిన వేళకంటే ముందే సిరుగుప్ప నుంచి రెండు జీపులు దిగాయి. శివరామకృష్ణయ్య కూతురి పెట్టె సర్దమన్నాడు.

"తాళి మెళ్లోనే ఉంది కదా నాన్నా, కావాలంటే చూడండి," అంది బిందుశ్రీ.

"నీ మెళ్లో ఉంటే ఏం లాభం? క్యాంపు చూసింది డిస్కులోది! ముందు ఆ గది తెరవండి."

తలుపు తెరుచుకుంది. తెర మీద గాలిలో హర్ష చేతులు. ఆకుపచ్చ గళ్లు. బల్ల కింద సీపీయూ లేదు. దాని చోట ఒక నీలం మూట ఉంది. లారీ టార్పాల్, నాలుగు వైపులా లారీ తాడు, పైన లారీ ముడి.

కేశవ ముడి విప్పి పట్టా లాగాడు. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. డబ్బా మీద దోసె పోయొచ్చు.

"గాలాడక ఉడికిపోయింది!" అని అరిచాడు. "తాళి దగ్గర గ్రాఫిక్స్‌లో దేవతలు పూలవాన కురిపించేలా పెట్టినా. మిషన్‌కు అక్కడే బరువెక్కువ. ఈ వేడికి అక్కడే కూలబడతాంది!"

అందరూ పంపన్న వైపు చూశారు. పంపన్న సీలింగు వైపు చూశాడు.

"ముందు పని కానీయండి," అన్నాడు శివరామకృష్ణయ్య.

డబ్బా చల్లారాక ఎగుమతి మళ్లీ మొదలైంది. టేబుల్ ఫ్యాను తిప్పారు. చాలదని సిద్ధమ్మ చేట తెచ్చింది. ఆడపెళ్లివారు తువ్వాళ్లు విప్పారు. రెండు వైపుల చుట్టాలూ వంతులేసుకుని సీపీయూకు విసిరారు. కింద వండిన బిర్యానీ చల్లారిపోతున్నా ఎవరూ కదల్లేదు. తెర మీద ఎంత పనైందో చూపే గీత కొంచెం కొంచెంగా జరిగి తాళి దగ్గరికి చేరింది. విసిరే చేతులు ఆగిపోయాయి.

"ఆపకండ్రా, విసరండి!" శివరామకృష్ణయ్య కేక పెట్టాడు.

ఒకటో ముడి. రెండో ముడి. మూడో ముడి! పూలవాన కురిసింది. బిందుశ్రీ తల బిందుశ్రీ మీదే ఉంది. సిద్ధమ్మ మానిటరు మీద అక్షింతలు చల్లింది. క్యాంపువాళ్ల ఈలలకు కింద లారీలు ఆగాయి.

సాయంత్రం డిస్కు పెద్ద తెర మీద పూర్తిగా ఆడాకే అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. శివరామకృష్ణయ్య తొలి ముద్ద నోట్లో పెట్టుకుని, మైకును వియ్యంకుడి వైపు జరిపాడు.

"బావగారూ, చేసినవాడు మైకు పట్టుకోవాలన్నారటగా?"

పంపన్న మైకు అందుకున్నాడు. దాని మీది దుమ్మును పంచె అంచుతో తుడిచాడు.

"నేనే బీగరూ. కేశవ అట్ల పోతానే పైకి పోయి దుమ్ము పడకుండా డబ్బాను కప్పుతాంటి. వాని బండి సప్పుడు వినపడితే తీసేస్తాంటి, ముట్టొద్దని రాసినాడు గదా. ఈ రోడ్డులో కప్పకుండా ఒక్క బండిని పంపినోణ్ణి కాదు. ఈ ఇంట్లో నిజంగా కప్పాల్సింది ఒకటే ఉండె, నా నోరు. దాన్ని ఇడిచిపెట్టి మిగతావన్నీ కప్పితి."