పన్నెండు వోల్టుల గేటు

ఆ ఆదివారం ఉదయం ఫిజిక్స్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారుకెళ్ళి తీగ కొనడం, మధ్యాహ్నం దాన్ని గోడల వెంట పరచడం, సాయంత్రానికల్లా ఇంటిని దొంగలు దండం పెట్టి వెళ్ళిపోయే కోటగా మార్చెయ్యడం. అలారం పెట్టె వెనకగదిలో బిగించేశారు. గేటుకి కరెంటు తాళం పడింది. ఇక దేనికని పాత గడియని ముందురోజే కోయించి పారేశారు. ప్రహరీ మీద గాజుపెంకులు ఎప్పుడో నాటించారు. మిగిలిందల్లా పెట్టెనీ తాళాన్నీ కలిపే తీగ ఒక్కటే.

కొట్లో, వెంట వచ్చిన ఎలక్ట్రీషియన్ లావుపాటి కేబులు తీసి చూపించాడు. ఇతగాడు ఒకప్పుడు మాస్టారి దగ్గరే చదివి, ఫిజిక్స్‌లో మూడుసార్లు తప్పినవాడు.

“వెనకగది నుంచి గేటుదాకా నలభై మీటర్లుంది మాస్టారూ. ఇది వేసుకోండి. సన్నదైతే వోల్టేజి దారిలోనే నీరసపడిపోతుంది.”

“పన్నెండు వోల్టులకి ఇంత తీగేమిట్రా? ఎలక్కి ఏనుగు గొలుసు కట్టినట్టు!”

“తాళం లాక్కునే కరెంటు ఎక్కువండీ. దూరం పెరిగేకొద్దీ...”

“ఓమ్ సూత్రం నాకే చెబుతున్నావా? మూడుసార్లు తప్పిందెవరు, నువ్వా నేనా?”

“నేనేనండీ. కానీ సన్నది మాత్రం నేను వెయ్యను. తర్వాత నన్ననకండి,” అని అతను స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు దారంలాంటి తెల్లతీగ చుట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చారు. గోడ రంగులో కలిసిపోతుందన్నది ఒక్కటే ఆయన దాన్లో చూసిన గుణం. ఇరవయ్యేళ్ళుగా నల్లబల్ల మీద ఆ సూత్రం రాసి చెరిపిన మనిషి, తన ఇంటి దగ్గరికొచ్చేసరికి దాన్ని శుభ్రంగా మింగేశారు. తనే దాన్ని గోడల వెంట పరిచి, సాయంత్రం వెనకగదిలో మీట నొక్కితే గేటు దగ్గర టిక్కుమంది. “విన్నావా!” అని భార్య ముందు మీసం దువ్వారు. టిక్కుమన్నది తెరుచుకుందో లేదో చూసే ఓపిక ఆయనకెక్కడిది?

తెల్లారితే సోమవారం. వీధికి అవతల మాస్టారు పనిచేసే బడిలోనే ఆయన భార్య కూడా లెక్కల టీచరు. హెడ్ మిస్ట్రెస్ పదవికి ఆవిడ ఇంటర్వ్యూ ఆ రోజే. రెండుసార్లు నోటిదాకా వచ్చి జారిపోయిన పదవి. ఈసారీ పోతే రిటైరయ్యేదాకా సుద్దముక్కే గతి. పదింటికి ఎదుట లేనివాళ్ళ పేరు కొట్టేస్తామని కమిటీ ముందే చెప్పింది.

తొమ్మిదీ నలభైకి ఆవిడ ఫైలు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. వెనకగదిలో మాస్టారు మీట నొక్కారు. టిక్. మళ్ళీ నొక్కారు. టిక్. గేటు ఉలకదు, పలకదు.

“ఏమండీ, ఇంకా ఎంతసేపు?”

“ఉండు, కొత్త తాళం కదా, మొహమాటపడుతోంది.”

“మొహమాటపడేదానికి గేటెందుకు అప్పజెప్పారండీ!”

మాస్టారు పరుగున వచ్చి గేటుని రెండు చేతులా పట్టుకుని ఊపారు. ఎవడో దొంగ ఊపుతున్నాడనుకుని, మేడమీది సైరను వీధి వీధంతా దద్దరిల్లేలా అందుకుంది. భార్యాభర్తలిద్దరూ వెనకగదికి పరిగెత్తారు.

“అంకెలు కొట్టి ఆపండి!”

“అదెంత పని? మన పెళ్ళిరోజే పెట్టాను,” అని టకటకా కొట్టారు. పెట్టె ఒప్పుకోలేదు.

“అది మీ చెల్లెలి పెళ్ళండీ!”

మళ్ళీ కొట్టారు.

“అది మనం ఈ ఇంట్లోకొచ్చిన రోజు!”

మూడోసారి ఆవిడే తేదీ చెప్పింది. తొందరలో మాస్టారు ఒక అంకె తప్పు నొక్కారు. మూడు తప్పులయ్యాయి గనక ఇక పావుగంటదాకా ఎవరి మాటా విననని పెట్టె ఎర్రదీపం వెలిగించి కూర్చుంది. మాస్టారు ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశారు.

“ఒరే నాయనా, ఒక్కసారి రారా.”

“ఏ తీగ వేశారు మాస్టారూ?”

“తీగ సంగతి తర్వాత. ముందు రారా బాబూ!”

ఆవిడ మళ్ళీ గేటు దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. “ఎవరో అడ్డుపడితే పోయిందనుకుంటాను. కట్టుకున్న మొగుడే తాళం వేస్తే ఎవరికి చెప్పుకోను?” అంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. స్టూలు తెచ్చి గోడపక్కన వేసి ఎక్కారు గానీ, గాజుపెంకులు చూసి అక్కడే ఆగిపోయారు.

సరిగ్గా పదికి కమిటీ ముగ్గురూ చెవులు మూసుకుంటూ వీధి దాటి వచ్చారు. ఈ మోతలో ఇంటర్వ్యూ ఏమిటి, మీ మొహం అని అధ్యక్షురాలే అందర్నీ లేవదీసుకొచ్చింది. మిగతా అభ్యర్థులిద్దరూ కుర్చీల్లోంచి కదల్లేదు.

“పదయింది. ఈవిడ లోపలుంది,” అని సెక్రటరీ వాచీ చూపించాడు.

“మీ ఎదురుగానే ఉన్నానండీ! మధ్యలో ఊచలున్నాయి, అంతే!” అని ఆవిడ సైరనుని మించి అరిచింది.

అధ్యక్షురాలు నవ్వేసింది. “అయితే ఇక్కడే అడుగుదాం. మాట వినని సీనియర్ మాస్టారుంటే ఏం చేస్తావమ్మా?”

ఆవిడ స్టూలు వైపు తిరిగింది. “మొదట మర్యాదగా చెబుతానండీ. వినకపోతే చేసిన తప్పు ఆయన నోటితోనే ఒప్పిస్తాను. ఏమండీ! ఏ తీగ వేశారు?”

“సన్నది,” అని గొణిగారు మాస్టారు.

“వినపడలేదు! గట్టిగా!”

“సన్నదీ!” అని మాస్టారు గొంతు చించుకున్న క్షణాన పావుగంట గడువు తీరి సైరను ఠక్కున ఆగిపోయింది. ఆ ఒక్కమాట వీధి చివరిదాకా స్పష్టంగా వెళ్ళింది.

అప్పుడే వచ్చిన ఎలక్ట్రీషియన్ నవ్వు బిగబట్టుకుని, స్కూటర్ బ్యాటరీ ఊడదీసి, ఊచల్లోంచి చేతులు పెట్టి రెండు తీగముక్కలు తాళానికి తగిలించాడు. ఠక్కుమని గేటు తెరుచుకుంది. “నా గదిలోకి రామ్మా, నియామకం కాగితాలు రాసేద్దాం,” అని అధ్యక్షురాలు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మర్నాడు లావుతీగ వేయించడానికి ఒకపూట సెలవు కావలసి వచ్చి, మాస్టారు చీటీ రాసుకుని, బడిలో హెడ్ మిస్ట్రెస్ గది తలుపు తట్టి బయట నిలబడ్డారు.