అయ్యో శాఖ

"ఇకమీదట ఎవరూ ఒంటరిగా ఏడవనక్కర్లేదు. ఏడ్చే ప్రతి పౌరుడి వెనకా మన ప్రభుత్వం ఉంటుంది!"

మంత్రిగారు ఇలా ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. "వెనక ఉండి ఏడిపించడానికా అండీ?" అని ఒక విలేకరి అడిగాడు. అతనికి తప్ప అందరికీ టీ ఇచ్చారు.

మంత్రిగారు అప్పటికి శాఖ లేని మంత్రి. గిట్టనివాళ్లు కొమ్మ లేని కోతి అనేవారు. అది శుద్ధ అన్యాయం. కోతి ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. మంత్రిగారికి కారుంది, కారు ముందు ఇంకో కారుంది, కారు తలుపు తీయడానికి ఒక మనిషి ఉన్నాడు. ఎక్కి ఎక్కడికి వెళ్లాలన్నదే లేదు. నెలాఖరుకు మంత్రివర్గంలో మార్పులు. ఈలోగా ఏదో ఒక శాఖ చేత చిక్కకపోతే, కొమ్మ మాట అటుంచి, చెట్టే దక్కదు. అందుకని ఆయన రాత్రింబవళ్లు ఆలోచించి, లేని శాఖను తానే పుట్టించారు. దాని పేరు సానుభూతి శాఖ. దానికి కావలసిన ప్రజావేదిక కూడా సిద్ధంగా ఉందని, పేరు 'గోడు గోడ' అని, నలభై వేలమంది సభ్యులని, తన కలల పంట అని చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

ఆ కలల పంట అసలు యజమానురాలు ఆ సమయంలో తన దుకాణంలో ఒక ప్యాంటు నడుము బిగిస్తూ, గోడకున్న చిన్న టీవీలో ఇదంతా చూస్తోంది. వీధిలో అందరూ ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. నోట్లో గుండుసూదులు ఉండబట్టి వెంటనే అభిప్రాయం చెప్పలేకపోయింది. చెప్పి ఉంటే గుండుసూదులే మెత్తగా అనిపించేవి.

గోడు గోడ పుట్టింది ఆ దుకాణం బయటి బెంచీ మీద. ఎదురుగా వీధి క్లినిక్కు ఉంది. రెండేళ్ల కిందట అందులోని డాక్టరుకు బదిలీ అయింది. బోర్డు మిగిలింది, తాళం కొత్తది వచ్చింది. "డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అంటూ వచ్చినవాళ్లు వచ్చినట్టే టైలరమ్మ బెంచీ మీద కూర్చుని ఒకరి గోడు ఒకరికి చెప్పుకునేవారు. బెంచీ మీద నలుగురే పడతారు. అందుకని టైలరమ్మ బెంచీని ఫోన్లో గ్రూపుగా పెట్టింది. నలభై వేలమంది పట్టారు.

జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి రుద్దమని ఒకరు. మాడిన గిన్నెలో ఉప్పునీళ్లు మరిగించమని ఒకరు. తొమ్మిది రోజులుగా భార్య మాట్లాడటం లేదని ఒక డ్రైవరు వాపోతే, "ముందు తప్పు ఒప్పుకో అన్నా, ఏ తప్పో తరవాత తీరిగ్గా కనుక్కుందువు గాని" అని పన్నెండుమంది అక్కలు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఒకమ్మాయి పరీక్ష తప్పి, ఇంటికెళ్లడానికి భయపడి, బస్టాపులో కూర్చుని నాలుగు ముక్కలు రాసుకుంది. ఆ పిల్ల ఎక్కాల్సిన బస్సు వచ్చేలోగా నలభై ఒక్కమంది తాము ఎప్పుడు ఏ సబ్జెక్టు తప్పారో మార్కులతో సహా చెప్పేశారు. అందులో ఒకాయన లెక్కల మాస్టారు. తప్పింది లెక్కలే.

ఇన్నిటికీ జవాబు దొరికిన గోడలో ఒక్కదానికి మాత్రం దొరకలేదు. టైలరమ్మ అత్తగారికి ఆయాసం. రెండు దిళ్లు వేసుకోమని ముప్ఫైమంది, మూడు వేసుకోమని నలభైమంది చెప్పారు.

"వందమంది అయ్యో అంటే నా ఊపిరి లోపలికెళ్తుందటే?" అనేది అత్తగారు. "నన్నొక డాక్టరు చూడాలి. చూసి గట్టిగా తిట్టాలి. తిట్టకపోతే నాకు నమ్మకం కుదరదు."

"తిట్టడానికైతే నేనున్నాగా అత్తయ్యా!"

"నువ్వు తిడితే మందు రాయవుగా."

పెద్దాసుపత్రికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు మెట్లు ఎక్కేసరికే ఆవిడకు రెండో బస్సు ఎక్కినంత పని అవుతుంది. కాబట్టి టైలరమ్మకు కావలసింది ఒక్కటే. ఎదురుగా ఉన్న తాళం తియ్యాలి, లోపల ఒక డాక్టరు కూర్చోవాలి.

మర్నాడు మంత్రిగారి పి.ఎ. స్వయంగా దుకాణానికి వచ్చాడు.

"అమ్మా, గ్రూపు అప్పగించాలి."

"అప్పగించడానికి అదేమైనా కుట్టి పెట్టిన చొక్కానా బాబూ? నలభై వేలమంది మనుషులు."

"చొక్కా అనుకోండమ్మా. మంత్రిగారికి సరిపోతుంది."

"ఆయన కొలతలు నాకు తెలుసులే" అంది టైలరమ్మ. కొలత టేపు మెళ్లో వేసుకుని కాసేపు ఎదుటి తాళం వంక చూసింది. తరవాత అంది, "గోడ మీరు తీసుకోండి. మాకో డాక్టర్ని ఇవ్వండి."

పి.ఎ. అక్కడికక్కడే ఫోను కలిపాడు. మంత్రిగారి గొంతు బెంచీ చివర కూర్చున్న అత్తగారి దాకా వినిపించింది.

"చెల్లెమ్మా! ఒక్క డాక్టరేనా? ఇద్దర్నిస్తా!"

"ఒక్కరు చాలండి. రావాలి, అంతే."

"మాట ఇస్తున్నా!"

మంత్రిగారు మాట ఇవ్వడంలో ఏనాడూ చేయి వెనక్కి తీసుకోలేదు. ఇచ్చిన మాటలన్నీ జనం దగ్గరే ఉన్నాయి, ఆయన దగ్గర ఒక్కటీ మిగల్లేదు.

గోడ ప్రభుత్వం చేతికి వెళ్లింది. వారం తిరిగేసరికి అభివృద్ధి కళ్లకు కట్టింది. ఎవరు పడితే వారు ఏది పడితే అది ఏడ్చే అరాచకం పోయింది. ఏడుపును మూడు తరగతులుగా విభజించారు. పాలు పొంగిపోతే మొదటి తరగతి, దానికి ఒక 'అయ్యో'. ఉద్యోగం పోతే రెండో తరగతి, 'అయ్యయ్యో'. మూడో తరగతి 'అయ్యయ్యయ్యో'కు మంత్రిగారి సంతకం తప్పనిసరి. దుఃఖం దరఖాస్తుదారు సొంతమేనని, అరువు తెచ్చుకున్నది కాదని ఒక అధికారి ధ్రువీకరించాలి. పరిశీలనకు ఇరవై ఒక్క పనిదినాలు. గోడుకు బహువచనం గోడులా, గోళ్లా అన్నది తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇప్పటికీ గోళ్లు గిల్లుకుంటూనే ఉంది.

పనులు ఆలస్యమయ్యాయని కొందరు సణిగారు గాని, ఆలస్యంలోనూ మేలుంది. ఆ డ్రైవరుకు భార్యతో మళ్లీ గొడవై, మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే, అయ్యో మంజూరయ్యేసరికి ఇద్దరూ రాజీపడి, ఇంకోసారి పోట్లాడుకున్నారు. కాబట్టి వృథా పోలేదు.

అత్తగారి ఆయాసాన్ని టైలరమ్మే దగ్గరుండి నమోదు చేసింది. వాళ్లు దాన్ని మొదటి తరగతిలో వేశారు.

"పొంగిన పాలూ నేనూ ఒకటేనటే?" అంది అత్తగారు.

"మీరూ పొంగుతూనే ఉంటారుగా అత్తయ్యా!"

అత్తగారు నవ్వబోయింది. నవ్వుకు ఊపిరి చాల్లేదు. టైలరమ్మ మిషను ఆపి, ఆవిడ వీపు రాస్తూ చాలాసేపు కూర్చుంది. ఆ సాయంత్రమే పి.ఎ.కు ఫోను చేసింది.

"ఫైలు కదిలిందమ్మా" అన్నాడు పి.ఎ.

"ఎటు?"

"ముందుకు."

"ముందుకంటే? మా వీధి వైపా?"

అది తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఫైలు వైద్యశాఖ దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. వాళ్లు రాసింది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ క్లినిక్కుకు రెండేళ్లుగా రోగులెవరూ రాలేదు, కాబట్టి డాక్టరు అనవసరం. ఎందుకు రాలేదంటే డాక్టరు లేడు. వాదన గుండ్రంగా, ఎక్కడా మూల లేకుండా కుదిరింది. పైగా కింద ఇంకో వాక్యం ఉంది: 'సదరు వీధి ప్రజల అనారోగ్యములు గోడు గోడ ద్వారా సంతృప్తికరముగా పరిష్కారమగుచున్నవి.'

"నా గోడే నాకు అడ్డు కట్టారా!" అంది టైలరమ్మ.

"ఇందులో మీ సేవను గుర్తించారమ్మా, గమనించారా?" అన్నాడు పి.ఎ. భక్తిగా.

ఈలోగా సానుభూతి శాఖ కీర్తి మిగతా శాఖల్లోకి పాకింది. రోడ్ల శాఖవారు తమ దగ్గర నాలుగేళ్లుగా పేరుకుపోయిన గుంతల ఫిర్యాదులను మూటగట్టి పంపారు. ఒక్క పూటలో ఎనిమిదివందల గుంతలకు అయ్యో చెప్పేశారు. ఫిర్యాదులు పరిష్కారమైనట్టు రోడ్ల శాఖ ప్రకటించింది. గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని, వాటిలో పడేవాళ్లకు ఇప్పుడు తోడుంది. అది చూసి నీళ్ల శాఖవారు ఎండిన కుళాయిలను పంపారు, దీపాల శాఖవారు వెలగని స్తంభాలను పంపారు. ఖర్చు లేకుండా ఇన్ని సమస్యలు తీర్చిన మనిషి చరిత్రలో లేడని పెద్దమంత్రి పొంగిపోయి, నెలాఖరు రాకముందే మన మంత్రిగారికి సానుభూతి శాఖను శాశ్వతంగా కట్టబెట్టారు. అరవై పోస్టులు కూడా మంజూరు చేశారు. జనం దాన్ని అయ్యో శాఖ అని ముద్దుగా పిలుచుకోసాగారు.

మరుసటి నెలలో విజయోత్సవ సభ జరిగింది. టైలరమ్మను వేదిక ఎక్కించి, ఒక పెద్ద ఫలకం చేతికిచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆవిడ నిజంగానే రెండు ముక్కలు మాట్లాడింది.

"డాక్టరేడండీ?"

పి.ఎ. మైకు తీగ వంక ఆశగా చూశాడు. టైలరమ్మ దాన్ని కాలి కింద తొక్కిపట్టి ఉంది.

"మా అత్తగారికి ఊపిరాడటం లేదు. మీరు మాట ఇచ్చి నలభై రోజులైంది. గోడ తీసుకున్నారు, పేరు తీసుకున్నారు, శాఖ తీసుకున్నారు. నేనడిగింది ఒక్క మనిషిని."

ఇంకొకరైతే తడబడేవారు. మంత్రిగారు లేచి వచ్చి, మైకును గుండెకు హత్తుకుని, ముందు మూడో తరగతి అయ్యో అన్నారు. తరవాత గర్జించారు. "వైద్యశాఖ ఇవ్వకపోతే నేనిస్తా! నా శాఖలో అరవై పోస్టులున్నాయి, ఒకటి డాక్టరుకిస్తా! సోమవారం! ఈ సోమవారం నా చెల్లెమ్మ వీధిలో డాక్టరు కూర్చుంటాడు!" పి.ఎ.ను వంగమని, అతని వీపు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. జనం ఈలలు వేశారు. టైలరమ్మ కూడా కాలు తీసి చప్పట్లు కొట్టింది.

సోమవారం పొద్దున్నే క్లినిక్కు తాళం ఊడింది. లోపల తుడిచారు. బల్ల వచ్చింది, కుర్చీ వచ్చింది, కుర్చీలోకి డాక్టరు వచ్చాడు. నిజం డాక్టరే. మెళ్లో స్టెతస్కోపు, గోడకు పట్టా. సన్నగా, మర్యాదగా ఉన్నాడు.

అత్తగారు మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వించుకుని, "డాక్టరు దగ్గరికి జబ్బు మనిషిలా వెళ్తానా?" అంటూ బయల్దేరింది. వీధి దాటడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఒక లారీ హారన్ కొట్టకుండా నిలబడి దారిచ్చింది.

డాక్టరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, స్టెతస్కోపు పెట్టి విన్నాడు. వీపు మీద విన్నాడు. పాదం మీద వేలితో నొక్కి, పడ్డ గుంట వంక కాసేపు చూశాడు. ఎన్నాళ్లుగా ఉందో అడిగాడు, ఎన్ని మెట్లకు వస్తుందో అడిగాడు. ఇంత శ్రద్ధగా అత్తగారి మాట ఎవరూ విని ఎరగరు. అంతా అయ్యాక నిటారుగా కూర్చుని, "అయ్యో" అన్నాడు.

అత్తగారు గతుక్కుమంది. "ఏం నాయనా, అంత ముదిరిందా?"

"కాదమ్మా. అది నిబంధన. ముందు చెప్పాలి."

"చెప్పావుగా, ఇంక తిట్టు."

"మందు రాయండి డాక్టరుగారూ" అంది టైలరమ్మ.

డాక్టరు తలొంచుకున్నాడు. బల్ల మీద కాగితాలు లేవు. సొరుగు లాగి చూపించాడు. అందులోనూ లేవు.

"మందుల చీటీ రాసే అధికారం వైద్యశాఖ పోస్టులకేనండి. నాది సానుభూతి శాఖ పోస్టు. రాస్తే ఉద్యోగం పోతుంది. పోతే మళ్లీ మీకు డాక్టరుండడు."

"పెద్దాసుపత్రికైనా రాసివ్వండి. బండి పంపిస్తారు."

"అదీ చీటీయేనండి."

"మరి ఏం జబ్బో మీకు తెలిసిందా?"

"తెలిసిందండి."

"అయితే ఏం చేస్తారు?"

"పద్ధతి ఉందండి" అని డాక్టరు ఫోను తీశాడు. రెండు బొటనవేళ్లతో, తప్పులు దిద్దుకుంటూ, చాలా ఓపిగ్గా ఏదో రాశాడు. అధికారులు రాసినదానికి ఇరవై ఒక్క రోజులు అక్కర్లేదు. మరుక్షణం టైలరమ్మ చేతిలో ఫోను మోగింది.

'డెబ్బై రెండేళ్ల పెద్దావిడ. నాలుగు అడుగులకే ఆయాసం. పాదాలకు వాపు. ఏం చెయ్యాలో అనుభవం ఉన్న అక్కలు, అన్నలు ఎవరైనా దయచేసి చెప్పగలరు. ఇట్లు, మీ వీధి డాక్టరు.'

టైలరమ్మ దాన్ని పైకి చదివింది. డాక్టరు ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, టైలరమ్మ వంకే చూస్తూ కూర్చున్నాడు.

అత్తగారు ఊపిరి కూడదీసుకుని కోడలి మోచెయ్యి పొడిచింది.

"చెప్పవే. పాపం, అంత మర్యాదగా అడుగుతున్నాడు."