మా గదికి అయిదు చుక్కలు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికల్లా నా సంచీ సిద్ధంగా ఉండాలి. పది రోజులకు సరిపడా బీపీ మాత్రలు (వెళ్లేది రెండు రోజులకే అనుకోండి, అయినా ఎప్పుడేం జరుగుతుందో ఎవరు చూశారు!), కళ్లద్దాలు, అవి పగిలితే పెట్టుకోవడానికి పాత కళ్లద్దాలు, రెండు చీరలు, శాలువా, టార్చిలైటు, మా ఆయన ఫోటో, చదవడానికి ఓ పుస్తకం, అది బాగుండకపోతే ఇంకోటి. జిప్పు వేస్తాను. మాత్రలు పెట్టానో లేదోనని మళ్లీ తీస్తాను. మళ్లీ వేస్తాను. గుమ్మంలో నిలబడి గదినంతా ఒకసారి కళ్లారా చూసుకుని బయల్దేరతాను.

ఎక్కడికనుకున్నారు? మా పెరట్లోకి!

వంటింటి వెనక గుమ్మం దాటి ఇరవై రెండు అడుగులు వేస్తే పశువుల కొట్టం వస్తుంది. ఒకప్పుడు అందులో మా ఆవులుండేవి. ఇప్పుడు వారానికి రెండు రాత్రులు నేనుంటాను. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం.

యాభై ఏళ్లుగా ఈ ఊరి పొలిమేర దాటని నా చేత ఏడాదికి యాభై రెండు ప్రయాణాలు చేయిస్తున్న పుణ్యాత్ములు ఎవరు? టూరిస్టులు! అటువంటి వాళ్లను పట్టుకుని ఈమధ్య మా ఊళ్లో కొందరు గోడల మీద బొగ్గుతో రాస్తున్నారు. 'మా ఊరు మాకు వదిలేయండి' అట. ఎంత కృతఘ్నత! చదువుకున్నవాళ్లు రాయవలసిన రాతలేనా అవి? అందుకే, బడి మొహం చూడని నేను కలం పట్టవలసి వచ్చింది. టూరిస్టు మన పాలిటి వరమని ఇప్పుడే నిరూపిస్తాను. కాస్త ఓపిక పట్టండి.

మాది కొండవాలు మీద ఊరు. కింద సరస్సు. తరతరాలుగా ఆ సరస్సులో బట్టలుతికాం, పశువులను కడిగాం. అది అందంగా ఉంటుందని ఏ ఒక్కరూ మాకు చెప్పలేదు! ఎవరో దారిన పోయే మనిషి ఒక్క ఫోటో తీసి ఫోన్లో పెట్టాడు. అంతే, అప్పటినుంచి మా చేతులకు బట్టలుతికే పని తప్పింది. రేవు దగ్గర 'ఇచ్చట బట్టలుతకరాదు, దృశ్యం చెడును' అని బోర్డు పెట్టారు.

ఇక ఆరోగ్యం సంగతి. రోజుకు అరగంట నడవమని డాక్టర్లు చెబితే మనం విన్నామా? శనివారం వస్తే మొదటి మలుపు నుంచి బస్టాండు దాకా కార్లే. మనిషి దూరే సందు ఉండదు. కనుక కిరాణా కొట్టుకు పొలాల వెంబడి చుట్టు తిరిగి వెళ్తాం. ఉప్పు ప్యాకెట్టు కోసం గంట నడక! చెమట పట్టి, ఒళ్లు తేలికపడి, కొట్టు చేరుతాం.

"ఉప్పు ఉందా బాబూ?" అని అడిగాను మొన్న.

"స్నానాల ఉప్పు ఉంది పెద్దమ్మా. గులాబీ వాసనది."

"ఉల్లిపాయలో?"

"అవి పెట్టడం మానేశాను. వాసనొస్తున్నాయని గెస్టులు ముక్కు మూసుకుంటున్నారు. కొవ్వొత్తులు తీసుకుపో, మల్లెపూల వాసన."

చూశారా! మా ఊరి కిరాణా కొట్టు ఎంత ఎదిగిపోయిందో! పక్కనే చెప్పులు కుట్టే ఆయన కొట్టుండేది. అదిప్పుడు కాఫీ షాపు. పాత జ్ఞాపకాలు పోకూడదని ఆయన సూదినీ దారాన్నీ అద్దాల పెట్టెలో పెట్టి గోడకు తగిలించారు. నా చెప్పు తెగినప్పుడల్లా వెళ్లి, ఆ అద్దంలోంచి సూదిని చూసి వస్తుంటాను.

కీర్తి మాటేమిటంటారా? ముక్కూ మొహం తెలియని వేల మంది ఫోన్లలో నేనున్నాను. ఒకమ్మాయి వచ్చి, "బామ్మా, కదలకండి! కెమెరా వైపు చూడొద్దు, నాచురల్‌గా ఉండండి. రోజూ చేసే పనే చేయండి" అంది.

"ఈ టైముకు రోజూ పేపరు చదువుతానమ్మా."

"పేపరొద్దు బామ్మా, సెట్టవ్వదు. బియ్యంలో రాళ్లు ఏరరా మీరు?"

రాళ్లు లేని బియ్యం చేటలో పోసుకుని, అరగంట సేపు నాచురల్‌గా రాళ్లు ఏరాను. ఆ ఫోటో చాలామందికి నచ్చిందట!

అన్నిటికన్నా పెద్ద మేలు ఇంకొకటుంది. ఎవరైనా ఊరికి వెళ్తుంటే నాకు చేతులాడవు. బస్సు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూడకపోతే వాళ్లకేదో అవుతుందని భయం. పుట్టింటి వాళ్లు పోయినప్పటినుంచి ఈ జబ్బు పట్టుకుంది. దాన్ని కుదిర్చింది టూరిస్టులే. ప్రతి ఆదివారం నలభై మంది నాకు టాటా చెప్పి వెళ్లిపోతారు! అందరికోసం గుమ్మంలో నిలబడాలంటే కాళ్లుంటాయా? అమ్మవారు సోకకుండా చిన్నపిల్లలకు టీకా వేస్తారు కదా, అలా వారం వారం నాకు ఎడబాటు టీకా పడుతోంది. పని చేసిందా లేదా అన్నది తర్వాత చెబుతాను.

ఇంట్లో ఏర్పాట్లన్నీ మా కోడలివి. మంచి పిల్ల, మాట గట్టిదంతే. మా వాడు జీపులో గెస్టులను కొండ మీదికి తిప్పుతాడు, ఈమె ఇల్లు చూసుకుంటుంది. సరస్సు వైపు కిటికీ ఉన్న నా గదే గెస్టు రూము. దానికో సూత్రం కనిపెట్టింది.

"గదిలో ఎవరూ కాపురం ఉంటున్నట్టు కనబడకూడదు అత్తయ్యా. కానీ ఎవరో బామ్మ ఉండేదట అనిపించాలి."

అందుకని నా పాత దుప్పటి కొట్టంలోకి పోయింది. పాతదానిలా నేసిన కొత్త దుప్పటి గదిలోకి వచ్చింది. నా తుప్పు పట్టిన పెట్టె కొట్టంలోకి, తుప్పు రంగు వేసిన కొత్త పెట్టె గదిలోకి. గోడకు ఎవరో బామ్మ ఫోటో కూడా కొనుక్కొచ్చి తగిలించింది. నాకన్నా బాగుంది లెండి.

సోమవారం పొద్దున ఫోను నా చేతికిస్తుంది, గెస్టులు రాసిన రివ్యూలు చదివి వినిపించమని. నవలకన్నా రసంగా ఉంటాయి! 'పొగమంచు అడ్డం వచ్చి సరస్సు కనబడలేదు. యజమానులు పట్టించుకోలేదు. రెండు చుక్కలు.' 'ఊరు మరీ నిశ్శబ్దంగా ఉండటం వల్ల నిద్ర పట్టలేదు. మూడు చుక్కలు.' 'అంతా బాగుంది గానీ పెరట్లో ఎవరో ముసలావిడ దగ్గుతోంది. నాలుగున్నర.' అర చుక్క నా వల్ల పోయిందని రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

ఇప్పుడు నర్సమ్మ గురించి చెప్పాలి. మా ఊళ్లో రెండు గదుల ఆసుపత్రి ఉంది. డాక్టరు నెలకోసారి వచ్చి సంతకం పెట్టి వెళ్తాడు. కనుక ఆసుపత్రి అంటే నర్సమ్మే. ఇరవై ఏళ్ల కిందట వచ్చి, మా ఎదురుగా పిండిమర ఆయన మేడ మీద అద్దెకు దిగింది. మా మనవడు పుట్టిన రోజు వానలో గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. రోజూ సాయంత్రం ఆరింటికి వీధి దాటి వచ్చి, నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేది. తర్వాత నేను వారపత్రికలో సీరియల్ పైకి చదివితే కళ్లు మూసుకుని వినేది. మందు సీసాల మీది చీటీలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న దాన్ని. నా చదువు వినే మనిషంటూ ఒకరు దొరికింది అప్పుడే.

రెండేళ్ల కిందట పిండిమర ఆయన తల గోక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"సీజన్ వరకేనమ్మా. గెస్టులు అడుగుతున్నారు. సీజన్ అయిపోగానే తాళంచెవి మీ చేతిలో పెట్టకపోతే నన్నడగండి."

సీజన్ అయిపోతే కదా! ఎండల సీజన్ అయ్యాక వానల సీజన్ అన్నాడు. తర్వాత పూల సీజన్. తర్వాత పొగమంచు ప్యాకేజీ. అదీ అయ్యాక, ఎవరూ రారు కదా అని వెళ్లి అడిగాను.

"అందుకేనమ్మా డిస్కౌంట్ సీజన్ పెట్టాం" అన్నాడు.

ఋతువులు ఆరని చిన్నప్పుడు విన్నాను. మిగతావి కనిపెట్టిన ఘనత టూరిస్టులది కాదా?

ఊళ్లో ఇంకెక్కడా గది దొరకలేదు. అప్పుడు నేనే నర్సమ్మను నా గదికి పిలిచాను. సోమవారం నుంచి గురువారం దాకా గెస్టులుండరు కదా! ఇంకో మంచం వేయించాను. శుక్రవారం నేను కొట్టంలోకి వెళ్తే, ఆమె బస్సెక్కి మూడు గంటల దూరంలో ఉన్న టౌనుకు, చెల్లెలి ఇంటికి వెళ్లేది. సోమవారం మొదటి బస్సుకు దిగేది. కొట్టంలో ఇద్దరం ఉందామంటే ఒక్క మంచానికే చోటు. మిగతాదంతా గెస్టుల కుర్చీలు, గొడుగులు, గాలి తీసిన పడవ.

"నాలుగు రాత్రులు ఒకచోట పడుకునే వీలుంటే చాలక్కా, రిటైరయ్యేదాకా ఈ ఊళ్లోనే ఉంటా" అనేది. "అదీ పోయిందనుకో, ట్రాన్స్‌ఫర్ పెట్టేసుకుంటా. నా నడుము ఇంక బస్సులకు పనికిరాదు."

"పోదులే. నేనుండగా ఎలా పోతుంది?" అన్నాను.

అలా ఎనిమిది నెలలు. పొద్దున ఇద్దరం మంచాల మీద నుంచి లేవకుండా కబుర్లు. "ఏమ్మా హోటలు ఓనరమ్మా, టీ ఎప్పుడిస్తారు? ఆలస్యమైతే చుక్క కోసేస్తా!" అని ఆమె వేళాకోళం. నా బీపీ కూడా అదుపులో ఉండేది ఆ రోజుల్లో.

ఇంతలో మా కోడలు దిగులు పడింది.

"మూడున్నర దగ్గరే ఆగిపోయాం అత్తయ్యా. మీరు అన్ని పుస్తకాలు చదువుతారు కదా, గెస్టు రాసినట్టు నాలుగు ముక్కలు రాసి పెట్టండి."

"అబద్ధం కదుటే!"

"అబద్ధమెలా అవుతుంది? ఆ గదిలో మీరు పడుకున్నారా, లేదా?"

అర చుక్క బాకీ కూడా ఉంది కదా నాకు. కూర్చుని రాశాను. జీవితంలో అచ్చులో కనబడిన నా మొదటి రచన అదే కనుక, మీకూ వినిపిస్తాను:

'ఈ గదిలో పొద్దున్నే కళ్లు తెరిస్తే సరస్సు మీది ఎండ పైకప్పు మీద కదులుతూ కనబడుతుంది. చూస్తూ చూస్తూ లేవడం మరిచిపోతారు. వాన పడితే కిటికీ కింది రెక్క ఒక్కటే తెరవండి. జల్లు రాదు, మట్టి వాసన వస్తుంది. వెళ్లేటప్పుడు మొదటి మలుపులో వెనక్కి తిరిగితే ఈ కిటికీ కనబడుతుంది. రెండో మలుపులో కనబడదు. అందుకని మొదటి మలుపులోనే తిరిగి చూడండి. సోమవారం నుంచి గురువారం వరకు ఈ గది మరీ బాగుంటుంది. అయిదు చుక్కలు.'

ఒక్క అక్షరం అబద్ధం ఉందా చెప్పండి?

వారం తిరక్కుండా మా కోడలు ఫోను పట్టుకుని గెంతులేస్తూ వచ్చింది.

"అత్తయ్యా! సోమ, మంగళ, బుధ, గురు, అన్నీ ఫుల్! మూడు నెలల దాకా ఖాళీ లేదు! అందరూ మీ రివ్యూ చదివే వస్తున్నారట!"

"ఆ నాలుగు రోజులూ వద్దని చెప్పవే."

"భలేవారే! మరీ బాగుంటుందని రాసింది మీరేగా?"

నర్సమ్మ కూడా ఆ రివ్యూ చదివింది. ఆఖరి వాక్యం రెండుసార్లు చదివింది. "ఎవరో గానీ బాగా రాశారక్కా, నాకే బుక్ చేసుకోవాలనిపిస్తోంది" అని నవ్వింది. నేను కొట్టంలో కింద పడుకుంటాను, మంచం నువ్వు తీసుకో అన్నాను. "మీ మోకాళ్లకు కట్టు కట్టేది మళ్లీ నేనేగా, వద్దు" అంది. ఆ మర్నాడే ట్రాన్స్‌ఫర్ కాగితం పెట్టుకుంది. వేసిన చోటు సముద్రం ఒడ్డున ఎక్కడో, ఇక్కడికి రెండు రోజుల ప్రయాణమట. సెలవుల్లో తప్పకుండా వస్తానంది.

వెళ్లే రోజు కూడా పట్టీ చుట్టి బీపీ చూసింది. "ఎంతుంది?" అంటే "బాగానే ఉంది" అని, అంకె చెప్పకుండా పట్టీ విప్పేసింది. పందొమ్మిదేళ్లలో అంకె చెప్పకపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆసుపత్రికి తాళం. బుధవారం ఒక మందుల వ్యాను వస్తుంది, రోడ్డు మీద దారి దొరికితే. పిండిమర ఆయన తన మేడకు 'పాత నర్సమ్మ గారి ఇల్లు' అని పేరు పెట్టి, గోడకొక తెల్ల టోపీ తగిలించాడు. బాగా ఆడుతోందట. నా గది వారమంతా గెస్టులదే కనుక నాకు శుక్రవారం ప్రయాణం కూడా తప్పింది (మొదట్లో అలవాటు కొద్దీ ఇంకా ఉన్నట్టే చెప్పాను లెండి). సర్దుకునే శ్రమ లేదు. ఇంకేం కావాలి?

కనుక టూరిస్టుల మీద నాకే ఫిర్యాదూ లేదు. పిలిచాను, వచ్చారు. మళ్లీ వస్తామన్నవాళ్లు మళ్లీ వచ్చారు, చుట్టాలనూ వెంటబెట్టుకుని మరీ.

నర్సమ్మ కిందటేడు ఆగస్టు రెండో గురువారం, మధ్యాహ్నం రెండింటి బస్సుకు వెళ్లింది. తిరిగి రాలేదు.