టౌన్‌హాలు ముందున్న నిరుపయోగ గడ్డి

"ఎడారిలో ప్రతి నీటిబొట్టుకీ ఒక ప్రయోజనం ఉండి తీరాలి! ప్రయోజనం లేని బొట్టుకి ఈ పట్టణంలో చోటు లేదు!"

అని మా మేయర్ లోర్నా హాస్కెట్ గారు నిండు సభలో బల్ల గుద్ది ప్రకటించారు. గుద్దిన విసురుకి ఆవిడ ముందున్న గ్లాసు ఒరిగి, మంచినీళ్లన్నీ ఏ ప్రయోజనమూ లేకుండా తివాచీలోకి ఇంకిపోయాయి. ఈ సంగతి సభ నివేదికలోకి ఎక్కలేదు.

నా పేరు అసున్సియోన్ బుస్తమాంతె. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ చోన్ అంటారు. ఈ గ్రీన్‌బ్రూక్ పురపాలక సంఘంలో ఇరవై రెండేళ్లుగా గడ్డికి నీళ్లు పెట్టడం నా ఉద్యోగం. గ్రీన్‌బ్రూక్ అంటే పచ్చని వాగు. నెవాడా ఎడారిలో పచ్చదనమెక్కడిది, వాగెక్కడిది? ఇక్కడ మొట్టమొదట స్థలాలు అమ్మినాయనకి ఉన్నదల్లా నోరే.

జలాశయం అడుగంటుతోందని రాష్ట్రంవాళ్లు తాఖీదు పంపితే, మావాళ్లు పచ్చిక, నీటిపారుదల ప్రమాణాలను సవరించి ఎనభై నాలుగు పేజీల పుస్తకం అచ్చు వేశారు. అందులో అసలు సంగతి మూడు ముక్కలు. మనుషులు కూర్చునేది, నడిచేది, ఆడుకునేది ఉపయోగ గడ్డి. ఊరికే చూసి ఆనందించేది నిరుపయోగ గడ్డి. రోజుకి యాభై మందైనా వాడని గడ్డిని పెరికి పారెయ్యాలి. ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టడానికి నన్ను ఇన్‌స్పెక్టర్‌ని చేశారు. జీతం పెంచలేదు గానీ టోపీ ఇచ్చారు.

టోపీ పెట్టుకుని నెల తిరక్కుండా బస్టాపుల దగ్గరి గడ్డి, రోడ్ల మధ్య గడ్డి, శ్మశానం గేటు ముందు గడ్డి అన్నీ పీకించేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత వంతు టౌన్‌హాలు ముందున్న ఎకరం పచ్చికది. చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

అరవై ఏళ్లుగా దాని మీద పిట్ట తప్ప మరో ప్రాణి వాలలేదు. నాలుగు మూలలా "గడ్డి తొక్కరాదు" అని బోర్డులు. కోత మెషీను వేసుకుని వారానికి రెండుసార్లు నేను తిరుగుతాను. కానీ నేను లెక్కలోకి రానట!

"ఇది మన పట్టణానికి ముఖం, చోన్! ముఖాన్ని పెరుక్కుంటామా?" అన్నారు మేయర్‌గారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

పక్కనే ఉన్న పురపాలక వకీలు ప్రూయిట్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "పెరకనక్కర్లేదు మేడమ్. ఎవరో ఒకరు కూర్చుంటే చాలు."

మర్నాటి నుంచి ఉద్యోగులకి వంతులు వేశారు. సోమవారం పన్నుల శాఖ, మంగళవారం పెళ్లి అనుమతుల శాఖ. టైలు కట్టుకున్న గుమాస్తాలు ప్లాస్టిక్ పట్టాలు పరుచుకుని, ఎవరో చనిపోయినట్టు మొహాలు పెట్టుకుని గడ్డి మీద భోంచేశారు. పన్నుల శాఖ పెద్దమనిషి చీమలకి జడిసి కుర్చీ తెచ్చుకున్నాడు. నేను లెక్కపెట్టాను. ఎనిమిది మంది.

"రెండు వందల పదకొండు అని రాయి," అన్నారు వకీలు గారు.

"ఆ పదకొండు దేనికండీ?"

"ఉత్త రెండు వందలంటే అబద్ధంలా ఉంటుందయ్యా!"

రాశాను. పెన్షనుకి ఇంకా మూడేళ్లుంది. రాష్ట్రంవాళ్లు సంతోషించి గడ్డి ఉండనిచ్చారు గానీ చిన్న షరతు పెట్టారు. ఇంతమంది వాడే గడ్డికి ఆ అభ్యంతరకరమైన బోర్డులేమిటి? వాటిని తీసేసి, "ఇది ప్రజల గడ్డి. రండి, కూర్చోండి" అని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాయించమన్నారు.

రాయించారు. ఇంగ్లీషు బోర్డుని ఎవరూ పట్టించుకోలేదు. స్పానిష్ బోర్డుని మా అత్తగారు చదివింది.

మా అత్తగారు ఎల్వీరా గురించి చెప్పాలి. రైలు పట్టాల అవతల తొంభై ట్రైలర్ ఇళ్లున్నాయి. రేకుల పెట్టెలకి తలుపులు పెడితే ఎలా ఉంటాయో అలా ఉంటాయి. అందులో ఒకటి మాది. నేను పనికి వెళ్తాను, మా ఆవిడ మార్తా మోటెల్లో దుప్పట్లు ఉతకడానికి పోతుంది. డెబ్భై ఒక్కేళ్ల అత్తగారు ఆ పెట్టెలో ఒక్కతే ఉడుకుతుంది. బయట నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే లోపల ఎంతో చూద్దామని వేలాడదీసిన థర్మామీటరు నూట ఇరవై దగ్గర ఊరుకుంది, అంతకుమించి దానికి అంకెల్లేవు. మొన్న జులైలో ఆవిడ స్పృహ తప్పి పడిపోయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంకోసారి అలా ఎండ దెబ్బ తగిలితే గుండె తట్టుకోదని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. 

"అల్లుడూ, ఆ బోర్డు నిజమేనా? లేక ఎన్నికల బోర్డా?" అని అడిగింది.

"నిజమే అత్తయ్యా. సర్కారు ముద్ర కూడా ఉంది."

"అయితే నీ నీళ్లు ఇన్నాళ్లకి ఇంటికి పనికొచ్చాయి," అని చెప్పులు వేసుకుని బయల్దేరింది.

గడ్డి మీద, చెట్ల నీడన, పదిహేను డిగ్రీలైనా తేడా. మొదటిరోజు ఆవిడొక్కతే. మూడోరోజు ఆవిడ ముచ్చట్ల బృందం. రెండో వారానికి ట్రైలర్ల వీధి వీధంతా దిగింది. కారం చల్లిన పుచ్చకాయ ముక్కలు, మొక్కజొన్న పిండితో చేసిన తమాలెల గిన్నెలు, పిల్లలు, గిటారు, పుట్టినరోజు పాట! నేను లెక్కపెట్టాను. రెండు వందల నలభై. నా ఉద్యోగ జీవితంలో నాకు గర్వంగా అనిపించిన రోజు అదొక్కటే.

మేయర్‌గారు కిటికీ తెర తొలగించి కెవ్వుమన్నారు. "చోన్! ఎవరు వీళ్లంతా?"

"ఉపయోగదారులు, మేడమ్."

"ఒకావిడ కాళ్లు చాపుకుని గురక పెడుతోంది!"

ఆ గురక నేను పద్దెనిమిదేళ్లుగా ఎరుగుదును. 

ఆ సాయంత్రమే అత్యవసర సభ. మేయర్‌గారు జలాశయం ఫొటో తెరిచి కళ్లొత్తుకున్నారు. "అక్కడ చేపలు చచ్చిపోతుంటే మనం గడ్డికి తాగిస్తున్నామా? ఏ మొహం పెట్టుకుని?" ముఖం ప్రస్తావన మళ్లీ వచ్చింది గానీ ఈసారి గడ్డి తరఫున కాదు.

"మేడమ్, రెండు వందల నలభై మంది వాడుతున్నారు. మన పుస్తకం ప్రకారం..." అన్నాను, బితుకుబితుకుమంటూ.

వకీలు గారు పుస్తకంలో ఎనభై అయిదో పేజీ చేర్చారు. ఉపయోగదారు అనగా పట్టణపు నీటి బిల్లు ఎవరి పేరున వచ్చునో వారు, లేదా వారి కుటుంబీకులు. తొంభై ట్రైలర్లకీ కలిపి బిల్లు ఒకటే. అది ఆ స్థలం యజమాని పేరున వస్తుంది. ఆయన ఫ్లోరిడాలో ఉంటాడు.

"నువ్వు లెక్కపెట్టింది మనుషుల్నయ్యా, చోన్. పుస్తకం అడిగేది ఉపయోగదారుల్ని," అన్నారాయన ఎంతో ఓర్పుగా.

సున్నా అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ కూర్చోనప్పుడు రెండు వందల పదకొండు రాసిన చేత్తోనే! సిగ్గేసింది. పెన్షను గుర్తొచ్చింది. రెండూ కాసేపు కుస్తీ పట్టాయి. ఏది గెలిచిందో సంతకమే చెబుతుంది.

వారంలో గడ్డీ, దాని నీళ్ల మీదే బతికే చెట్లూ పోయాయి. తెల్లటి గులకరాళ్లు పరిచి, మూడు బ్రహ్మజెముడు మొక్కలు నాటి, వాటికి డ్రిప్పు గొట్టాలు పెట్టాను. మధ్యాహ్నం ఆ రాళ్ల మీద గుడ్డు కొడితే అట్టు అవుతుంది. నీటి పొదుపులో ఆదర్శ ఉద్యానమని రాష్ట్రం బహుమతి కూడా ఖాయమైంది. ఒక్కటే తక్కువ. దరఖాస్తుకి "ఉద్యానంలో ప్రజలు" అనే ఫొటో జతచెయ్యాలట, ఆ రోజు ఎంతమంది ఉపయోగించుకున్నారో ఇన్‌స్పెక్టరు రాసివ్వాలట.

"చోన్! నీ వాళ్లున్నారుగా, ఆ రెండు వందల మంది! పిలుచుకురా. రంగురంగుల బట్టలేసుకుంటారు, ఫొటోలో బాగుంటారు!" అన్నారు మేయర్‌గారు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం.

ట్రైలర్ల దగ్గరికి పరిగెత్తాను. ఒక్క పురుగు లేదు. మా ఇంట్లో అత్తగారూ లేదు!  వీధి వీధీ వెతికి, చెమటతో తడిసి, చివరికి ఆసుపత్రికి ఫోను చేద్దామని టౌన్‌హాలులోకి వచ్చాను.

అందరూ అక్కడే ఉన్నారు. ఏసీ వేసిన హాల్లో, బెంచీల నిండా, చేతుల్లో వరస నంబర్ల చీటీలు పట్టుకుని! నంబరు తీసుకున్న మనిషిని వంతు వచ్చేదాకా లేపకూడదని మా పట్టణ నిబంధన. వంతు వస్తే ఏదో సందేహం అడిగి, పక్క కిటికీకి ఇంకో నంబరు తీసుకుంటున్నారు. మా అత్తగారు పెళ్లి అనుమతుల వరసలో ఉంది.

"ఎవర్ని పెళ్లాడుతున్నావు, అత్తయ్యా?" అన్నాను ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

"ఇంకా అనుకోలేదు. నిదానంగా ఎంచుకోవచ్చని కిటికీలో అమ్మాయి చెప్పింది. ఏమిటా పరుగు?"

ఫొటో సంగతి చెప్పాను. ఆవిడ చీటీ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మేం ఎంతమందిమని రాశావు నువ్వు?"

"సున్నా, అత్తయ్యా."

"మరి సున్నా మందిమి ఎలా లేచొస్తాం, నాయనా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "చూడు, ఎలా చెమటలు కారుతున్నాయో. ఓ నంబరు తీసుకుని కూర్చో."

తీసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. అద్దాల అవతల, తెల్లటి రాళ్ల మధ్య మేయర్‌గారు కాలు మార్చి కాలు ఎత్తుతూ, కెమేరాకి నవ్వుతూ మాకోసం చూస్తున్నారు. జేబులోంచి కాగితం తీసి, టౌన్‌హాలు లెక్కల్లో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఉపయోగదారులు: ఒక్కరు. నీటి బిల్లు ఆవిడ పేరునే ఉంది.