నాలుగు వందల మంది పనివాళ్లు

జూన్ పదకొండు, బుధవారం, ఉదయం తొమ్మిదిన్నర. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగపు సర్వర్ గదిలో ఉన్నవారు ఇంజనీరు, పై అధికారి. ఇంజనీరు చేతిలోని సెలవు చీటీని కూడా ఒక శాల్తీగా లెక్కిస్తే ముగ్గురు. మర్నాడు మరదలి పెళ్లికి బయలుదేరాలి. "ఈసారీ రాకపోతే ఆ సర్వర్‌తోనే కాపురం చేసుకోండి" అని భార్య పొద్దున్నే తేల్చి చెప్పింది.

అధికారి చీటీ వంక చూడనైనా లేదు. "ముందు ఈ సర్వర్ నత్తనడక సంగతి తేల్చవయ్యా. లోపల ఎంతమంది పనిచేస్తున్నారు?"

సర్వర్‌లో పనులందుకునే థ్రెడ్లకు, ఆయనకు సులభంగా అర్థం కావాలని, ఇంజనీరు ఏనాడో 'పనివాళ్లు' అని పేరు పెట్టాడు. ఆ సౌలభ్యమే కొంప ముంచింది.

"ఎనిమిది మందండి. ప్రాసెసర్లు నాలుగే కదా, అంతకు మించితే..."

"మన గుమాస్తాలు నాలుగు వందల మంది కాచుక్కూర్చుంటే ఎనిమిది మందా? నాలుగు వందల మందిని వెయ్యి! తర్వాతే సంతకం."

వేశాడు. నాలుగు బల్లల చుట్టూ నాలుగు వందల మంది మూగినట్టయింది. ఒకరికొకరు దారి ఇచ్చుకోవడంతోనే సరిపోయి, నత్త ఆ కాస్త నడకా మానేసింది. ఇదేమీ తెలియని అధికారి నడవాలో నిలబడి, "నాలుగు వందల మందిని వేయించాను!" అని ఫోనులో ఎవరికో గొప్పలు పోయాడు. అటుగా వెళుతున్న ఉద్యోగ సంఘం కార్యదర్శి చెవిన ఆ మాట పడింది.

"కొత్తగా నాలుగు వందల మందిని వేశారట! మాకొక్క మాట చెప్పొద్దూ?" అంటూ ఆయన గదిలోకి దూసుకొచ్చాడు.

ఇంజనీరు తెర మీంచి చూపు తిప్పలేదు. "కంగారుపడకండన్నా. మూడు వందల తొంభై రెండు మందిని ఇప్పుడే పీకేశాను."

"పీకేశావా! నోటీసైనా ఇవ్వకుండా?"

"వాళ్లకి నోటీసేంటన్నా? ఈ మీట నొక్కితే అందరూ ఒక్కసారే చస్తారు. కొత్తగా ఎనిమిది మంది పుడతారు." మీట నొక్కాడు కూడా.

కార్యదర్శి ఒక్క పరుగున గుమాస్తాల దగ్గరికి వెళ్లాడు. పది నిమిషాల్లో గుమాస్తాలందరూ కంప్యూటర్లు కట్టేసి ఆవరణలోకి దిగారు. "పీకేసిన సోదరుల్ని వెంటనే తీసుకోవాలి!" అన్న నినాదాలకు కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ గోలకు బెదిరి అధికారి సర్వర్ గదిలోకి వచ్చి తలుపు మూసుకున్నాడు. తోచక ఫలితాల పేజీ ఒకటి తెరిచాడు. కనురెప్ప వాల్చేలోగా వచ్చింది. మరొకటి, అదీ అంతే.

"చూశావా! నాలుగు వందలంటే నాలుగు వందలే మరి!"

నిజం చెప్పడానికి ఇంజనీరు నోరు తెరిచాడు. జేబులో ఫోను వణికింది, భార్య. నోరు మూసుకుని చీటీ అందించాడు. అధికారి విలాసంగా సంతకం గీశాడు. ఇంజనీరు దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో భద్రంగా దాచుకున్నాడు.

సర్వర్‌లో ఎనిమిది మంది, ఆవరణలో నాలుగు వందల మంది: ఆ విభాగంలో పనివాళ్ల కేటాయింపు అంత చక్కగా కుదిరిన రోజు మరొకటి లేదు.