షరీపా అవ్వ పెట్టిన కమ్మలు

ఆ మంగళవారం పొద్దున సయ్‌కల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ దగ్గర అమ్మానాన్నలు ఒకచోట కూర్చోవాలి. నాన్న రొట్టె తుంచి నోట్లో పెట్టుకునే దాకా ఆగాలి. నోరు నిండా ఉన్న మనిషి వెంటనే అరవలేడు కదా! అప్పుడు, "బ్యాంకులో చేరను, ఎల్లుండి మూర్గాబ్ వెళ్తున్నాను," అని చెప్పెయ్యాలి. అంతే.

సయ్‌కల్‌కి ఇరవైమూడేళ్ళు. కామర్స్ చదివింది. తమ ఊరు కొచ్కోర్‌లోనే బ్యాంకులో పనిచేసే మేనమామ కదిర్‌బెక్ రెండేళ్ళపాటు మేనేజరు చుట్టూ తిరిగి ఆమె కోసం ఒక కుర్చీ సంపాదించాడు. వచ్చే సోమవారం చేరాలి. ఆ పిల్లేమో ఈ వేసవంతా సోన్‌కుల్ పచ్చిక మైదానాల్లో జీతం లేకుండా మంచినీళ్ళ పైపులు వేసి నిన్ననే ఇల్లు చేరింది. ఇప్పుడు పామీర్ కొండల్లో, మూర్గాబ్‌లో ఒక బడి. మంచు పడకముందే కిటికీలు బిగించాలి, చలికాలమంతా అక్కడే ఉండి పిల్లలకి లెక్కలు చెప్పాలి. లారీ ఎల్లుండి బయల్దేరుతుంది. అది తప్పితే కనుమ మూసుకుపోతుంది. ఆ బ్యాంకు కుర్చీలో ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేచేది పింఛను రోజునే అని సయ్‌కల్‌కి గట్టి నమ్మకం.

తీరా లేచి చూస్తే నాన్న జోల్దోష్ ప్రయాణికుల వ్యాను తోలుకుంటూ నరిన్ వెళ్ళిపోయాడు. అమ్మ బూరుల్ ఉన్నిచెప్పుల దుకాణం తెరవడానికి బజారుకి పోయింది. సయ్‌కల్ ఉసూరుమంటూ పెరట్లో కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటుంటే పక్కింటి ఉర్‌కుయా గిన్నె పట్టుకుని పులిసిన పిండి కోసం వచ్చింది.

"ఏమే, చెవులకి అవేంటి? వెండివే!"

"సోన్‌కుల్‌లో షరీపా అవ్వ పెట్టింది పిన్నీ."

"ఇచ్చిందా, తన చేత్తో పెట్టిందా?"

"తన చేత్తోనే. నా చేతులు బురదలో ఉన్నాయి."

"ఆవిడకి కొడుకులున్నారా?"

"ఇద్దరు. పెద్దాయన భార్యే మాకు వంట చేసేది."

రెండోవాడి గురించి అడగాల్సిన అవసరం ఉర్‌కుయాకి కనిపించలేదు. పెళ్ళీడు పిల్ల చెవికి కమ్మలు పెట్టేది కాబోయే అత్తగారే. ఈ సంగతి కొచ్కోర్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. సయ్‌కల్‌కీ తెలుసు. కాకపోతే పైపు పట్టుకుని బురదలో మోకాళ్ళ మీదున్నప్పుడు ఆచారాలు గుర్తుకు రాలేదు. ఉర్‌కుయా గిన్నె కుళాయి గట్టునే వదిలేసి బజారుకి పరుగెత్తింది.

"సుయుంచూ వదినా, సుయుంచూ! మీ అమ్మాయి ఇంక మీ ఇంట్లో ఉండదు! కమ్మలు పడ్డాయి!"

సుయుంచూ అని కేక వేస్తూ శుభవార్త తెచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపకూడదు. బూరుల్ తన భుజం మీది కొత్త శాలువా తీసి ఆవిడకి కప్పింది. ఇంకా ఒక్క ఉతుకైనా పడని శాలువా అది. తర్వాత ఏడ్చింది. తర్వాత దుకాణం మూసేసి మొగుడికి ఫోన్ చేసింది.

నరిన్ నుంచి తిరిగొస్తూ జోల్దోష్ దారిలోనే వ్యాను ఆపి గొర్రెను కొన్నాడు. దాన్ని వెనక సీట్లో ఎక్కించబోతే ప్రయాణికులు మొదట గొడవ పెట్టుకున్నారు, తర్వాత సంగతి విని కౌగిలించుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ఎలాగూ దారే కదా అని భోజనానికి వచ్చేశారు. బ్యాంకులో కదిర్‌బెక్ సంగతి తెలిసి మొదట చిన్నబుచ్చుకున్నాడు. "కొండల్లోకి కాపురానికి పోయే పిల్లకి ఇక్కడ కుర్చీ ఎందుకులెండి," అని మేనేజరుతో అనేశాడు. మేనేజరుకి కావాల్సిందీ అదే.

వ్యానులోంచి గొర్రె దిగేదాకా సయ్‌కల్‌కి ఇవేమీ తెలియవు. నాన్న దొరికాడు, అదే చాలనుకుంది.

"నాన్నా, నేను ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

"ఎల్లుండా! అంత తొందరేంటమ్మా?"

"మంచు పడితే దారి మూసుకుపోతుంది. అక్కడ ముప్ఫైమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు."

జోల్దోష్ గొర్రె మెడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ముప్ఫైమందా! ఆ చిన్నకొడుక్కా?"

"ఏ చిన్నకొడుకు? ఏంటి నాన్నా ఈ గొర్రె?"

సంగతి తెలిసి సయ్‌కల్ నెత్తీ నోరూ కొట్టుకుంది. "పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు! పైపు వేశామని అభిమానంతో పెట్టిందమ్మా!"

"నేనూ మా అమ్మతో ఇలాగే బుకాయించాను," అని బూరుల్ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి నలభైమంది పోగయ్యారు. తొక్మోక్ నుంచి అత్తయ్య ఆరు బొంతలు మోసుకొచ్చింది. తాతయ్య అక్మత్ ఎనభైనాలుగేళ్ళ చేతులు రెండూ చాచి దీవించాడు. "తల్లీ, నీ దారి తెరుచుకోవాలి. వెళ్ళినచోట నలుగురికి పనికిరావాలి. క్షేమంగా తిరిగి రావాలి." అందరూ తథాస్తు అన్నట్టు ఓమీన్ అని అరచేతులతో మొహాలు తడుముకున్నారు. ఇక ముహూర్తం సంగతి తేల్చాలని అత్తయ్య పట్టుబట్టింది. సయ్‌కల్ సంతోషంగా షరీపా అవ్వ నంబరు ఇచ్చింది. జోల్దోష్ ఫోనుని అందరికీ వినపడేలా పెట్టాడు.

"కమ్మలా?" అంది షరీపా అవ్వ. "ఈ వేసవిలో ఆరు జతలు పెట్టాను నాయనా, పైపు వేసిన ప్రతివాళ్ళకీ. ఆ గడ్డం అబ్బాయి చెవులు కుట్టించుకోలేదంటే నేనే కుట్టాను."

"మరి మీ చిన్నబ్బాయి?"

"వాడికి ముగ్గురు పిల్లలు. వాడితో ఏం పని?"

నలభైమందీ నమలడం మానేశారు. జోల్దోష్ బావమరిది కదిర్‌బెక్ వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఆ కుర్చీ..."

"మేనేజరు మరదలు అప్పుడే పూలకుండీ తెచ్చి పెట్టేసుకుంది బావా."

పెళ్ళికొడుకు లేడు, ఉద్యోగం లేదు, గొర్రె మాత్రం పళ్ళెంలో ఉంది. పిలిచినవాళ్ళకి ఏమని చెప్పాలో తెలియక జోల్దోష్ ఓ పెద్ద మాంసం ముక్క నోట్లో కుక్కుకున్నాడు. సయ్‌కల్ అదను చూసి ఎదురుగా కూర్చుంది. బడి, కిటికీలు, లెక్కలు, లారీ, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. "నాకు ఇందులోనే సంతోషంగా ఉంది నాన్నా. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఊపిరాడదు."

ముక్క మింగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. "ముప్ఫై ఏళ్ళుగా కొచ్కోర్ నుంచి నరిన్‌కి, నరిన్ నుంచి కొచ్కోర్‌కి తోలుతున్నాను. ఆ కనుమ అవతల ఏముందో నేనైతే చూడలేదు," అన్నాడు. అరవడం మర్చిపోయినట్టున్నాడు.

"ఊరికే తిరిగే పిల్లకి ఎవరు విందు చేస్తారు?" అని అత్తయ్య మొదలుపెట్టబోయింది.

తాతయ్య టీ గిన్నె కింద పెట్టాడు. "నేను దీవించింది దారిని. పెళ్ళికొడుకు మాట ఎత్తానా? ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోవడం మా నాన్న నాకు నేర్పలేదు. ఇది ప్రయాణం విందు. తినండి."

తిన్నారు. ముందు కంటే శ్రద్ధగా తిన్నారు. బూరుల్ కాసేపు ఏడ్చి, కాసేపు కూతురి జుట్టు నిమిరి, లేచి బజారుకి వెళ్ళింది. పెద్ద మూటతో తిరిగొచ్చింది. "ముప్ఫైమందన్నావుగా. కొలతలు తెలీక పెద్దవే తెచ్చాను, పిల్లలు ఎదుగుతారులే," అంటూ ముప్ఫై జతల ఉన్నిచెప్పులు కూతురి ముందు పోసింది. సయ్‌కల్ అమ్మని పట్టుకుని బావురుమంది. గురువారం పొద్దున నాన్నే వ్యానులో తీసుకెళ్ళి లారీ ఎక్కించాడు, కనుమ ఎలా ఉందో ఫోటోలు పంపమన్నాడు.

ఉర్‌కుయా శాలువా తిరిగి ఇవ్వలేదు. మీ అమ్మాయి ఇంక ఇంట్లో ఉండదన్నాను, ఉందా అని ఆవిడ వాదన.